మృగశిర నుంచి ముంజల దాకా

మా బడులు జూన్ 12న తెరుస్తారు. అప్పటికి మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులవుతుంది. పుస్తకాల్లో, గోడ చార్టుల్లో జూన్ అంటే గొడుగు, కాగితం పడవ, గుంటలో కప్ప. మార్కాపురం, గిద్దలూరు వైపు జూన్ అట్లా ఉండదు. మబ్బు పడుతుంది, గాలి లేస్తుంది, నాలుగు చినుకులు రాలి మట్టి వాసన వస్తుంది, అంతటితో సరి. గట్టి వానలు మాకు ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఒక్కో ఏడు అక్టోబరు దాకా ఎదురుచూడాలి. మొదటి వారంలోనే వాన పాఠం పెట్టి పడవలు చేయిస్తే వాటిని వదలడానికి నీళ్ళుండవు. అందుకని నా ఒకటో తరగతిలో 'వ' వానతో రాదు, వేపతో వస్తుంది.

బడి తెరిచేనాటికి వేపపళ్ళు రాలుతుంటాయి. ఈ పక్క వేపచెట్టు లేని బడి అరుదు. పిల్లలు పండు నోట్లో వేసుకుని గుజ్జు చప్పరించి గింజ ఊస్తారు. ఇళ్ళల్లో అవ్వలు ఆ గింజలు ఏరి, ఎండబెట్టి అమ్ముతారు. అంటే ఆ నెలంతా 'వేప' అనే మాట పిల్లల నోట్లోనూ, చేతిలోనూ, ఇంట్లోనూ ఉంటుంది. నేను కొత్తగా తెచ్చిపెట్టేది ఏమీ లేదు. ఆ మాటను పట్టి ఆపి, దాని మొదటి చప్పుడు వినిపించడమే నా పని.

ఐదేళ్ళు నిండిన పిల్లకి మాటలు వచ్చు. మేక తప్పిపోతే ఎక్కడెక్కడ వెతికారో పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆ మాటలు ముక్కలుగా విడతాయని మాత్రం తెలియదు. తన లెక్కన వేప అంటే చెట్టే. అందులో 'వే' ఒకటి, 'ప' ఒకటి ఉన్నాయని ఎవరైనా ఆగి వినిపిస్తే తప్ప చెవికి పట్టదు. అక్షరం నేర్పడమంటే మొదట అదీ. రాయించడం ఆ తర్వాతి సంగతి.

అంగన్‌వాడీ నుంచి వచ్చేటప్పటికే చాలామంది పిల్లలకు అ ఆ ఇ ఈలు నోటికి వచ్చి ఉంటాయి. ఱ దాకా గుక్క తిప్పుకోకుండా పాడేవాళ్ళున్నారు. చార్టు మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే మాత్రం 'అ' దగ్గరికి పోయి, మళ్ళీ మొదటి నుంచి పాడుకుంటూ, వేలు జరుపుకుంటూ వచ్చి అక్కడ ఆగితేగానీ చెప్పలేరు. వాళ్ళకు వచ్చింది పాట, అక్షరాలు కాదు. మన వర్ణమాల ఎంతో తెలివైన కూర్పు. గొంతులో పుట్టే 'క'తో మొదలై, అంగిలి మీదుగా, పళ్ళ మీదుగా పెదవుల దగ్గరి 'ప'కి వచ్చి ఆగే వరసలో హల్లుల వర్గాలను అమర్చారు. నోటిని అంత శ్రద్ధగా గమనించినవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. అయితే అది భాష వచ్చాక చూసి మెచ్చుకోవలసిన వరస. ఆరేళ్ళ పిల్ల మొదటి అడుగు 'అ'తోనూ, ఆరో ఏడో అడుగు 'ఋ'తోనూ వెయ్యాలనడం న్యాయం కాదు. ఋషి మా ఊరి పిల్లలకు ఏ నెలలోనూ కనిపించడు.

కాబట్టి వరస కాలం ఇస్తుంది. ఆ నెలలో పొలంలో, అడవిలో, పండగలో, వంటింట్లో ఏముందో చూసుకుని దానిలోంచి అక్షరాలు తీస్తాను. ఏడాది తిరిగేసరికి దాదాపు అన్నీ వస్తాయి.

ఇది చూసి ఒక అవ్వకు బెంగ పట్టుకుంది. మనవరాలిని దిగబెట్టడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమ్మా టీచరమ్మా, బడి పెట్టి ఇన్నాళ్ళాయె. మా పిల్లకి అ ఆలు ఎప్పుడు దిద్దిస్తావు? యాపకాయలు ఏరిస్తా ఉండావు!"

"అవ్వా, పని లేకుంటే ఒక్క గడియ లోపలికి వచ్చి కూచో" అన్నాను.

వచ్చి గోడకి ఆనుకుని కూచుంది. మేము చప్పట్ల ఆట మొదలుపెట్టాం. ఒక మాట చెప్పాలి, అందులో ఎన్ని అక్షరాలుంటే అన్ని చప్పట్లు కొట్టాలి. వే-ప, రెండు. నే-రే-డు, మూడు. అవ్వను ఒక మాట అడిగితే ఆలోచించకుండా 'మృగశిర' అంది. పిల్లలు నాలుగు చప్పట్లు కొట్టారు. 'ఆరుద్ర' అంది, మూడు. 'పునర్వసు' అంది, నాలుగు. అట్లా కార్తెలన్నీ వరసగా చెప్పుకుంటూ పోయింది, పిల్లలు కొట్టుకుంటూ పోయారు. ఆవిడకు చదువు రాదు. 'ఆశ్లేష'కు తనే ముందుగా మూడు చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత అ ఆల సంగతి నన్ను అడగలేదు. వీలైనప్పుడల్లా వచ్చి మాటలు ఇచ్చి పోయేది. కార్తెలు, వానల పేర్లు, గింజల పేర్లు ఆవిడకు తెలిసినన్ని నాకు తెలియవు.

ఈ చప్పట్లలో మన భాషకు సంబంధించిన కీలకం ఒకటుంది. ఇంగ్లీషు ఫోనిక్స్ శిక్షణల్లో మాటను అణువులుగా విడగొట్టమంటారు, క్, ఆ, ట్ అని. తెలుగు పిల్లకి 'కా' ఒకే ముక్క. అందులో హల్లు వేరు, అచ్చు వేరు అని వినడం కష్టం, మొదట్లో అవసరమూ లేదు. మన రాత కూడా ఆ ముక్కకే ఒక గుర్తు ఇస్తుంది. అక్షరం పేరూ, దాని చప్పుడూ ఒకటే కావడం తెలుగు పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఇంగ్లీషులో 'డబ్ల్యూ' అనే పేరు విని దాని చప్పుడు ఏదో ఊహించలేం. 'వ'కి ఆ తిప్పలు లేవు. చెవి తెరుచుకుంటే చాలు, సగం చదువు వచ్చినట్టే.

తొలి వాన పడ్డ మర్నాడు ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు లేస్తాయి. ఎప్పుడు లేస్తాయో నాకు తెలియదు, ఏ ప్రణాళికలోనూ రాసి పెట్టలేను. ఎవరో ఒకరు ఆకులో పెట్టుకుని పరుగెత్తుకొస్తారు. ఆ రోజు ఏ పాఠం జరుగుతున్నా ఆపేస్తాం. ఆ ముఖమల్ ఎరుపు, ముట్టుకోగానే కాళ్ళు ముడుచుకుని గుండ్రమైపోవడం చూస్తే గదంతా ఒక్క గొంతుతో "ఆ..." అంటుంది. దీర్ఘం అంటే ఏమిటో దానికంటే బాగా నేను చెప్పలేను. పురుగును అరచేతిలో పెట్టుకున్నంతసేపు 'ఆ' అని సాగదీయాలి, అరచేయి మారినప్పుడు ఆపాలి. అందరి చేతులూ తిరిగాక దాన్ని తెచ్చిన చోటే వదిలిపెట్టి వస్తాం. 'అ', 'ఆ' తేడా ఆ రోజుతో తేలిపోతుంది.

తరగతి గుమ్మం పక్కన ఒక గంప ఉంటుంది. వారానికో చప్పుడు పెట్టుకుంటాం. ఆ చప్పుడుతో మొదలయ్యే వస్తువు ఇంటి నుంచో దారిలోంచో తెచ్చి గంపలో వేయాలి, పేరు పలికి వేయాలి. 'వ' వారంలో వేపరెబ్బ, వంకాయ, వడ్లు, వత్తి, వెదురుపుల్ల వస్తాయి. ఒకసారి ఒక పిల్లాడు కాగితం పొట్లంలో ఉప్పు తెచ్చాడు. మిగతావాళ్ళు కాదన్నారు. వాడు తగ్గలేదు. "వుప్పు" అని పలికి చూపించాడు. ఇంకో పిల్ల లేచి, అట్లయితే వుల్లిగడ్డ కూడా వెయ్యాలంది.

వాడి చెవి నిజంగా మంచి చెవి. మన నోట్లో మాట మొదటి ఉ, ఒ ముందు సన్నగా 'వ' పలుకుతుంది. ఇ, ఎ ముందు 'య' పలుకుతుంది. వొకటి, యెండ, యిల్లు అనే అంటాం. పాత అచ్చు పుస్తకాలు తిరగేస్తే 'వొక', 'యెవరు' అని అట్లాగే వేసినవి కనిపిస్తాయి. పిల్లాడు విన్నది తప్పు కాదు. తప్పని చెబితే ఇక మీదట వాడు తన చెవిని నమ్మడు, టీచరు ముఖం చూసి జవాబు చెబుతాడు. అందుకే ఉప్పు గంపలో పడింది. తర్వాతి వారం 'ఉ' పెట్టుకున్నప్పుడు ఆ పొట్లాన్నే కొత్త గంపలోకి మార్చి, నోరు పలికేది ఒకటి, పుస్తకం రాసేది ఒకటి అయ్యే చోట్లు కొన్ని ఉంటాయని చెప్పాను. ఆరేళ్ళవాళ్ళకు అది బాగానే అర్థమవుతుంది. ఇంట్లో అవ్వను 'నువ్వు' అని, బడిలో టీచర్ని 'మీరు' అని పిలవడం నేర్చుకుంటున్నవాళ్ళే కదా.

ఇట్లాంటిదే ఇంకో చిక్కు బొమ్మలతో వస్తుంది. 'గ' వరుసలో గేదె బొమ్మ ఉంటుంది. మా పిల్లలు దాన్ని చూసి బర్రె అంటారు. కొన్ని ఇళ్ళల్లో ఎనుము అంటారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. మాటల్లో ఆ కర్నూలు యాస ఇప్పటికీ ఉంది, ఈ పక్క గుంటూరు యాసా కలిసింది. బొమ్మ చూపించి 'గే' అనిపించాలని నేను చూస్తుంటే పిల్ల మనసులో 'బ' మోగుతుంటుంది. పిల్ల మందకొడి అనుకుంటాం. నిజానికి రెండు మాటల మధ్య నిలబడి ఉంటుంది పాపం. కాబట్టి ఆ బొమ్మ నా తరగతిలో 'బ' దగ్గరే ఉంటుంది. గేదె అనే మాట తర్వాత కథలో వస్తుంది, కథలో వచ్చిన మాట కొత్తదైనా పిల్లలు తీసుకుంటారు.

వినాయక చవితి నాటికి చేతులకు పని మొదలవుతుంది. అప్పటికి చెరువు బంకమట్టి దొరుకుతుంది. బొమ్మ చేయగా మిగిలిన మట్టిని అరచేతుల మధ్య పామి తాడులా చేస్తాం. ఆ తాడు వంపులు తిప్పితే తెలుగు అక్షరమవుతుంది. మన అక్షరాల్లో నిలువు గీతలు తక్కువ, అన్నీ చుట్లే, మట్టికి బాగా లొంగుతాయి. మొదట తలకట్టు లేనివి చేయిస్తాను: ల, ట, బ, జ. తలకట్టు ఉన్నవి ఆ తర్వాత, ఎందుకంటే తలకట్టుకు వేరే ముక్క అతకాలి, అతకడం రెండో పని. పత్రికి తెచ్చిన ఆకులు కూడా ఊరికే పోవు. గరిక, జిల్లేడు, ఉమ్మెత్త, తులసి, మారేడు: ఏ ఆకు ఏ చప్పుడు కిందికి వస్తుందో పిల్లలే పంచుతారు. జిల్లేడు పాలు, ఉమ్మెత్త కాయలు చేతికి రానివ్వను. పంచడం అయ్యాక అందరూ తొట్టి దగ్గర చేతులు కడగాల్సిందే.

పలక గురించి చెప్పకపోతే ఈ ఊరి టీచర్ని కాను. మార్కాపురం పలక ఒకప్పుడు తెలుగు నాట, ఆవల కూడా బడికి పోయే ప్రతి పిల్ల సంచిలో ఉండేది. గనిలోంచి నల్లరాయి తీసి, పొరలుగా చీల్చి, నునుపు చేసి, చట్రం బిగిస్తే పలక. ఇప్పుడు రాతపలకలు తగ్గాయి. ఆ రాతిని ఇళ్ళ నేలకూ గోడలకూ వేసే బండలుగా దేశాలు దాటిస్తున్నారు. ఆ పనిలో చిన్నపిల్లల చేతులు కూడా నలిగిన కాలం ఉంది. 1980ల చివర దేశంలో బాలకార్మికుల కోసం ప్రత్యేక పథకం మొదలుపెట్టినప్పుడు తొలి విడతగా ఎంచుకున్న కొద్ది చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. ఇంకొకరి బిడ్డ అ ఆలు దిద్దే పలకను తయారు చేస్తూ ఇక్కడి బిడ్డ బడికి దూరమైన రోజులవి. నేను పలక చేతికిచ్చిన ప్రతిసారీ అది గుర్తుంటుంది. అందుకే దాన్ని పాతకాలపు వస్తువని పక్కన పెట్టను. ప్రభుత్వం వర్క్‌బుక్కులు ఇస్తుంది, అవి మంచివే, దసరా తర్వాత తీస్తాను. అప్పటిదాకా పలకే. పలక మీద తప్పు మిగలదు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, పిల్ల మళ్ళీ రాస్తుంది, ఎర్ర సిరా గీత దాని మీద పడదు. మొదటి నెలల్లో పిల్లకి కావలసింది ఆ స్వేచ్ఛే.

దసరా అటూ ఇటూగా సీతాఫలాలు. నల్లమల అంచు ఊళ్ళలో, దోర్నాల రోడ్డు పొడుగునా గంపలు దిగుతాయి. బడికి ప్రతి సంచిలోనూ ఒకటి వస్తుంది. మధ్యాహ్నం తిన్నాక గింజలు కడిగి ఆరబెడతాం. నల్లగా నిగనిగలాడే ఆ గింజల్ని సుద్దతో గీసిన అక్షరం మీద పేర్చుకుంటూ పోతే వేలికి ఆ వంపు అలవాటవుతుంది. గింజ పగలగొట్టనివ్వకూడదు, దాని పొడి కంట్లో పడితే చాలా ప్రమాదం. పని అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో పోసి మూత పెడతాను. మరీ చిన్నపిల్లలైతే గింజలు ముక్కులో దూర్చుకుంటారు కాబట్టి వాళ్ళకు గింజలూ వద్దు, బలపం ముక్కలూ వద్దు, పెద్ద పెద్ద గులకరాళ్ళే. సీతాఫలంలోని 'ఫ'ని మా పిల్లలు 'ప' అనే పలుకుతారు. ఒత్తు అక్షరాల చప్పుడు ఇళ్ళల్లో వినపడదు. వినపడని చప్పుడును ఒకటో తరగతి మొదట్లోనే రుద్దడం వల్ల ప్రయోజనం లేదని నా నమ్మకం. 'ఫ' సంక్రాంతి దాటాక ఫోను, ఫ్యానుల పుణ్యమా అని దానంతటదే వస్తుంది. ఖ, ఛ, ఝ, ఠ, ఢలు ఇంకా ఆగవచ్చు.

కార్తీకంలో ఉసిరికాయలు. చెంచు గూడెం నుంచి వచ్చే పిల్లలకు ఆ నెల గర్వంగా ఉంటుంది. తరగతిలో మామూలుగా ఒక మూల కూచునే పిల్లలు వాళ్ళు. ఉసిరి, కుంకుడు, చిల్లగింజలు, తేనె, నన్నారి వేరు, వీటి సంగతి అడిగితే మాత్రం అందరికంటే ముందు వాళ్ళ నోరు లేస్తుంది. చిల్లగింజను రాతి మీద అరగదీసి బురద నీళ్ళలో కలిపితే మురికి అడుక్కు దిగుతుంది. ఒక పిల్ల అది మాకందరికీ గ్లాసులో చేసి చూపించింది. నీరు తేటపడేదాకా అందరం కూచుని చూశాం. 'చ' ఆ రోజు వచ్చింది, చి అనే గుడితో సహా. గుణింతం అప్పటికి ఇంకా మొదలుపెట్టలేదు. అయినా ఆ పిల్ల రాసుకున్న మొదటి గుడి అదే, దాన్ని ఎవరూ ఆపలేదు.

గుణింతమే అసలు కొండ. అక్షరాలన్నీ గుర్తుపట్టే పిల్లలు కూడా అక్కడ కూలబడతారు. క, కా, కి, కీ అని పన్నెండు మెట్లు ఒక్కో హల్లుకూ ఎక్కించాలంటే ఎవరికైనా విసుగే. దానికి సంక్రాంతి ఉంది, సంక్రాంతికి 'గ' ఉంది. ఆ పదిహేను రోజులూ ఊరంతా 'గ' గుణింతంలో ఉంటుందంటే అతిశయోక్తి కాదు. గడప కడిగి పసుపు రాస్తారు. గాలిపటం ఎగరేస్తారు. కళ్ళంలో గింజలు. ముగ్గులో గీత. వాకిట్లో గుమ్మడి పువ్వు. కట్టెల పొయ్యి నిప్పుల్లో గెనుసుగడ్డ. పేడతో గొబ్బెమ్మ. ఇంటి ముందు గంగిరెద్దు, అది వస్తే సున్న కూడా వచ్చినట్టే. ఏదీ నేను వెతికి తెచ్చింది కాదు. పిల్లల్ని ఊరు తిరిగి చూసి రమ్మంటాను, వచ్చి చెప్పినవి బోర్డు మీద వాటి వాటి మెట్ల మీద రాస్తాను. గ, గా, గి, గీ నిండిపోతాయి. రెండు మూడు మెట్లు ఖాళీగా మిగిలితే మిగలనిస్తాను. ఒకసారి 'గూ' ఖాళీగా ఉంటే ఒక పిల్లాడు మూడో రోజు పరుగెత్తుకొచ్చి, చూరులో పిచ్చుక గూడు ఉందన్నాడు. మూడు రోజులూ ఆ ఖాళీ మెట్టును తలలో పెట్టుకుని తిరిగాడన్నమాట.

ఒక్క హల్లుకు ఇట్లా పన్నెండు మెట్లూ ఒంటికి పడితే మిగతావి తేలిక. తేలిక కానివి కొన్ని ఉన్నాయి. 'వ'కు మామూలుగా కొమ్ము పెడితే 'మ' అయిపోతుంది. అందుకే ప, ఫ, వలకు కొమ్మును కిందికి దించి తగిలిస్తాం. పువ్వులో రెండు కొమ్ములూ అటువంటివే. ఇది చెప్పకుండా వదిలేస్తే పిల్ల ఎన్నాళ్ళయినా 'వు'ను 'మ' అని చదువుతూనే ఉంటుంది, మనం తిడుతూనే ఉంటాం. ముగ్గులు వచ్చిన పిల్లలకు ఈ కిందికి దించడం వెంటనే పట్టుబడుతుంది. మెలిక ఎక్కడ తిప్పాలో వాళ్ళ వేళ్ళకు తెలుసు. ముగ్గు మగపిల్లల చేత కూడా వేయిస్తాను. మొదటి రోజు సిగ్గుపడతారు, రెండో రోజు చుక్కలు లెక్కపెడతారు.

పండగ వెళ్ళగానే తరగతి పలచబడుతుంది. నీళ్ళు లేని నేల ఇది. కంభం చెరువు కింద కొంత తరి ఉంది. మిగతాదంతా వాన మీద, బోరు మీద బతుకు. బోర్లలో ఫ్లోరైడు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఒక తరం ఎదురుచూసి ముసలిదైంది. జనవరి నుంచి మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు వైపు వెళతాయి. పిల్లల్ని ఊళ్ళో ఉంచగలిగితే సీజనల్ హాస్టలు ఉంది, అవ్వల దగ్గర ఉంటారు కొందరు. మిగతావాళ్ళు అమ్మానాయనల వెంట పోతారు. చలి, ఎండ లాగా ఇదీ మాకొక కాలమే. కాలాల పాఠం చెబుతూ దీన్ని వదిలేస్తే ఆ పాఠంలో నిజం ఉండదు.

పోయే పిల్లకు ఒక అట్టపెట్టె ఇస్తాను. అందులో తనకు వచ్చిన మాటల చీటీలు, ఖాళీ చీటీలు, ఒక పెన్సిలు. మొదట్లో నేను ఆ చీటీలన్నీ మర్చిపోకుండా చదువుకోమని చెప్పడానికే ఇచ్చాను. ఒక పిల్ల ఉగాదికి ముందు తిరిగి వచ్చినప్పుడు ఖాళీ చీటీల మీద రాసుకొచ్చింది: మిరప, కల్లం, పట్ట, టిక్కి. కాయలు ఎండబోసే చోటు కల్లం, మీద కప్పేది పట్ట, కుక్కి కట్టిన బస్తా టిక్కి. 'కల్లం'లో ల వత్తు సరిగ్గా రాలేదు, ఆ చోట చిన్న ల పక్కన రాసింది. రెండు 'ల'లు వినపడుతున్నాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒత్తులు రెండో తరగతి పాఠమని నేననుకుంటుంటే మిరప కల్లంలో కూచుని తనే దాని దాకా వచ్చింది. ఆ వారం గంపలో ఎండుమిరపకాయలు, టిక్కికి కట్టే గోనెతాడు. ఊళ్ళో ఉండిపోయిన పిల్లలు ఆమె దగ్గర నేర్చుకున్నారు. బడి మానేసి వచ్చిన పిల్లను వెనకబడిందని వెనక వరసలో కూచోబెట్టడం చాలా తరగతుల్లో చూస్తాం. ఆ పిల్ల చదువు ఆపలేదు, చోటు మార్చింది, అంతే.

న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ 1963లో 'టీచర్' అని ఒక పుస్తకం రాశారు. ఏ పిల్లకు ఏ మాట కావాలో ఆ పిల్లనే అడిగి, ఆ మాటను అట్టముక్క మీద రాసిచ్చి, దాంతోనే చదువు మొదలుపెట్టించిన మనిషి. మన దగ్గర మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ వాళ్ళు ఊరి బడుల కోసం కార్డులు, మెట్లతో ఒక పద్ధతి నడిపారు. దాని స్ఫూర్తి ప్రభుత్వ బడుల దాకా వచ్చింది. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ 2026-27 కల్లా మూడో తరగతి పిల్లలందరూ అర్థం చేసుకుని చదవాలంటోంది. లక్ష్యం పట్ల నాకు మనసారా ఇష్టం. ఆ లక్ష్యానికి వారాల వారీ పట్టిక పై నుంచి ఒకటే వస్తే మాత్రం తీరప్రాంతపు బడికి సరిపోయింది నల్లమల అంచు బడికి సరిపోదు. ఏ వారం ఏ అక్షరమన్నది టీచరుకు వదిలి, ఏడాది చివర పిల్ల ఏం చదవగలదో మాత్రం గట్టిగా అడిగితే చాలు. తనిఖీకి వచ్చినవాళ్ళు నా గోడ మీద అక్షరాలు వరసలో లేవేమని అడుగుతారు. ఒక పిల్లను పిలిచి చదివిస్తాను. చదివాక ఆ ప్రశ్న మళ్ళీ రాదు.

ఇంగ్లీషు కూడా ఇదే గదిలో, ఇదే ఏడాది నడుస్తుంది. ఆపిల్ మా పిల్లలకు సంతలో కనిపించే పండు, చేతికి అందే పండు కాదు. ముంజ అందుతుంది. అందుకని 'మ' ముందు, 'ఎమ్' దాని వెనక. 'మ' అన్నప్పుడు మూసుకునే పెదవులే 'ఎమ్'కీ మూసుకుంటాయని చూపిస్తే కొత్త అక్షరం పాత చప్పుడు మీద కూచుంటుంది. దీని గురించి చాలా చెప్పాలి, అది వేరే వ్యాసం.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. మోదుగుపూలు రాలి, చింతచిగురు లేచి, ఉగాదికి వేప మళ్ళీ ఈసారి పూతగా వస్తుంది. ఇప్పుడు దాన్ని పిల్లలు చదువుతారు, 'వేపపూత' అని, ప పక్కన పూ ఎందుకుందో కూడా చెప్పగలరు. ఎండలు ముదిరాక ఊళ్ళోకి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. దాని హారను వినపడితే తరగతి సగం లేచి నిలబడుతుంది, ఇంట్లో బిందెలు పెట్టవలసినవాళ్ళు వాళ్ళే. 'ట' వినిపించడానికి ట్యాంకరు కంటే బలమైన మాట ఈ ఊళ్ళో లేదు. రాయడానికి మాత్రం యావత్తు అడ్డం వస్తుంది. అందుకని ట్యాంకరుతో వింటాం, టమాటతో రాస్తాం.

ఏప్రిల్ మూడో వారంలో ముంజలు తింటూ పిల్లలు ఏడాది పొడుగునా పోగైన చీటీలను దారంతో కుట్టుకుంటారు. అవి వాళ్ళవే, ఇంటికి పోతాయి. నేను వేరే ఒక కాగితం రాసి రెండో తరగతి టీచరుకు ఇస్తాను. ఒక్కో పిల్ల పేరు ఎదురుగా మూడు గళ్ళు: చెవికి పట్టినవి, చదవగలిగేవి, చూడకుండా రాయగలిగేవి. మూడూ ఒకటే కావు, ఒకే వేగంతో రావు కూడా. ణ, ళ దాదాపు అందరికీ మొదటి గడిలో ఉంటాయి. ళ కోసం నేరేడు కాలం దాకా ఆగమని, 'నేరేళ్ళు' అని పిల్లల నోట వినపడిన రోజే మొదలుపెట్టమని కింద రాస్తాను. మిరప కోతల నుంచి ఇంకా రాని పిల్లల పేర్లు కాగితం అడుగున ఉంటాయి, వాళ్ళ అట్టపెట్టెలు అడిగి తెప్పించుకోమని.